సిగ్నల్ పోయిన చోట్లు

“బాగు చెయ్యక్కర్లేదమ్మాయ్. పాడైందని కాగితం మీద రాసిస్తే చాలు.”

రిపేరు షాపు అమ్మాయి చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. విప్పి పరిచిన కెమెరాల మధ్య ఖాళీ చూసి మాస్టారు తన జీపీఎస్‌ని పెట్టారు. చేతిలో ఇమిడే పసుపు పెట్టె. మూలలు అరిగి తెల్లబడ్డాయి. వేలాడే తాడుకి ముడి మీద ముడి.

“రాసిస్తే ఏం చేస్తారు?”

“కంపెనీకి పంపిస్తాను.” జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశారు. “మూడేళ్ల చరిత్ర. ఏ తేదీ, ఏ కొండ, ఎన్ని నిమిషాలు సిగ్నల్ పోయింది, అన్నీ ఏ రోజుకారోజు ఇంటికి రాగానే రాసినవే.”

ముప్పై ఏళ్లు బడిలో భూగోళం చెప్పిన మనిషి. ప్రపంచమంతా గోడ మీద చూపించి, పక్కవీధికి వెళ్తే దారి తప్పొస్తారని భార్య ఏడిపించేది. అందుకే సెలవుల్లో కొండలెక్కేటప్పుడు జీపీఎస్ ఎప్పుడూ ఆవిడ చేతిలోనే. ముందు ఆవిడ, వెనక ఈయన. ఆవిడ గుండె జబ్బుల వార్డులో ఇరవై ఆరేళ్లు పరుగులు పెట్టిన నర్సు. నడకలో ఆవిడని అందుకోవడం మాస్టారి తరం అయ్యేది కాదు.

అమ్మాయి నోటుబుక్కు తిరగేసింది. “మొదట్లో రెండేసి నిమిషాలు. తర్వాత అయిదు, పది... కొండ ఎక్కేటప్పుడే పోయేదా? దిగేటప్పుడు ఒక్కసారీ లేదే!”

“అదేనమ్మా దీని రోగం.”

“స్క్రీన్ మీద ఏమని వచ్చేది?”

“కొండెక్కేటప్పుడు కళ్లజోడు పెట్టుకోను, నాకేం కనబడుతుంది? ఆవిడే చెప్పేది, ‘ఏవండీ, సిగ్నల్ పోయింది, కాసేపు ఆగుదాం’ అని. నా చేతిలో ఓ నారింజపండు పెట్టి రాయి మీద కూర్చోబెట్టేది. తను చెట్టుకి ఆనుకుని, మణికట్టు పట్టుకుని వాచీ చూస్తూ ఉండేది. ఎన్ని నిమిషాలకి వస్తుందో లెక్కపెడుతున్నా, పలకరించకండి అనేది.” మాస్టారు కొద్దిగా నవ్వారు. “నిజం చెప్పొద్దూ, నా మోకాళ్లకి ఆ ఆగడం హాయిగానే ఉండేది. పైకి మాత్రం ఈ డబ్బాని తిట్టేవాణ్ణి.”

“మరి అప్పుడే తేవాల్సింది కదా సార్!”

“తేనిస్తేగా! ‘పోనిద్దురూ, అదీ మనలాగే ముసలిదైంది, నాలుగడుగులు వేసి ఆయాసపడుతుంది’ అనేది. కొత్తది కొంటానంటే మూడు రోజులు మాట్లాడలేదు.”

అమ్మాయి పెట్టె పట్టుకుని వీధిలోకి వెళ్లి నిమిషంలో తిరిగొచ్చింది.

“బయట పెట్టగానే శాటిలైట్లన్నీ పట్టేసిందే!”

“నీ ముందు బుద్ధిగానే ఉంటుంది. డాక్టరు దగ్గరికెళ్లగానే దగ్గు ఆగిపోయినట్టు.”

ఆమె నవ్వింది. మాస్టారు నవ్వలేదు. బల్ల మీద పడి ఉన్న చిన్న మరమేకుని వేలితో ఇటూ అటూ దొర్లించారు.

“ఆ రోజు వెళ్దామన్నది నేనమ్మా. తను వద్దంది, ఇంట్లో పనుందని. పదవోయ్, పని ఎప్పుడూ ఉండేదేగా అని బయల్దేరదీశాను. సగం ఎక్కాక వెనక్కి పోదామంది. సరే అన్నాను. సరిగ్గా అప్పుడే ఇది చచ్చింది. దారి చూపించకపోతే ఎలా దిగుతాం? నలభై నిమిషాలు ఆ రాళ్లలో కూర్చున్నాం. దిగి కారు దాకా వచ్చింది. తలుపు తీశాను. ఎక్కలేదు.”

అమ్మాయి స్క్రూడ్రైవరు పక్కన పెట్టేసింది.

“ఆసుపత్రిలో, ఒక్క అరగంట ముందు తీసుకొచ్చుంటే అన్నారు. అరగంట! ఇది నలభై తిన్నది.” మాస్టారి గొంతు తగ్గింది. “తప్పు దీనిదని తెలిసినవాళ్లెవరైనా రాసిస్తే, నాకు ముద్ద మింగుడుపడుతుంది. లేకపోతే ఆ పదవోయ్ అన్న మాటే గొంతులో అడ్డం పడుతోంది.”

ఆమె సొరుగులోంచి కేబులు తీసింది.

“ఒట్టినే రాసిస్తే కంపెనీవాళ్లు నమ్మరు సార్. సాక్ష్యం దీని కడుపులోనే ఉంటుంది, తీద్దాం. నడిచిన దారంతా ఇది చుక్కలు చుక్కలుగా దాచుకుంటుంది, టైముతో సహా. మనం ఆగినా చుక్కలు పడుతూనే ఉంటాయి, ఒకేచోట కుప్పగా. సిగ్నల్ పోతేనే పడవు. అక్కడ గీత తెగిపోతుంది. నలభై నిమిషాలు తెగి ఉంటే, సంతకం పెట్టి షాపు ముద్ర కూడా వేసిస్తాను.”

“అమ్మయ్య!” అన్నారు మాస్టారు, ఎన్నాళ్లకో.

కంప్యూటరు మీద కొండలు ఒక్కొక్కటే వచ్చాయి. ఆమె నోటుబుక్కులో ఒక తేదీ మీద వేలు పెట్టి, తెర మీద ఆ రోజు దారిని పెద్దది చేసి చూసింది. తర్వాతి తేదీ. ఆ తర్వాతిది. మొదట చకచకా కదిలిన వేలు రానురాను నెమ్మదించింది.

“దొరికిందా?”

“ఒక్క నిమిషం సార్.”

చివరి పేజీ దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. నోటుబుక్కులో అంకెలు మళ్లీ మొదటినుంచి చదివింది. రెండు, అయిదు, పది, నలభై. లేచి లోపల్నుంచి తన కుర్చీ తెచ్చి మాస్టారి వెనక వేసింది. గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

“కూర్చోండి మాస్టారూ.”

అప్పటిదాకా సార్ అన్న పిల్ల మాస్టారూ అనడం ఆయనకి బాగుంది. కూర్చున్నారు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నారు.

“ఏదమ్మా, తెగిన చోటు చూపించు.”

ఆమె తెరని ఆయన వైపు తిప్పింది.

గీత ఎక్కడా తెగలేదు.