వడకట్టిన గ్లాసు

"పిప్పి రాకుండా బాగా వడకట్టు చెల్లెమ్మా," అన్నాడు బస్సు డ్రైవరు పళ్ళరసం కొట్టులో అమ్మాయితో.

"వడకట్టి తాగితే ఒంట్లో చక్కెర పరుగెడుతుంది నాయనా," అన్నాడు పక్క బల్ల మీది ముసలాయన.

డ్రైవరుకు చిర్రెత్తింది.

రక్తంలో చక్కెర హద్దు దాటిందని డిపో డాక్టరు గడువు పెట్టాడు. దిగిరాకపోతే స్టీరింగు వదిలేసి ఆఫీసు కుర్చీలో కూలబడాలి. అందుకే పొద్దుటి తిండి మానేసి మరీ పళ్ళరసం పట్టాడు.

"పళ్ళరసం మంచిదేగా? మీరేమన్నా డాక్టరా?"

"కాదు. రోజూ చూస్తున్నాను. పీచంతా అందులోకి పోతోంది." ముసలాయన మిషను కింది బకెట్టు చూపించాడు. "కొరికి తింటే ఒక పండుకే కడుపు నిండుతుంది. నువ్వు నాలుగు పళ్ళ తీపి ఒక్క గుక్కలో తాగుతున్నావు. పీచుంటే చక్కెర నెమ్మదిగా రక్తంలోకి దిగుతుంది. అది లేకపోతే బ్రేకుల్లేని బస్సే."

గ్లాసు పెదవుల దాకా వచ్చి ఆగింది.

బ్రేకుల మాట సూటిగా తగిలింది. ఒప్పుకోవడానికి మాత్రం పౌరుషం అడ్డొచ్చింది.

"ఈయన్నిక్కడ కూర్చోనిస్తే మీ యజమాని కొట్టు మూసుకోవాల్సిందే," అన్నాడు మిషను దగ్గరి అమ్మాయితో.

"నేనూ అదే చెప్పానన్నా," అంది ఆ అమ్మాయి నవ్వుతూ.

గ్లాసు అక్కడే వదిలేసి లేచాడు.

మర్నాటి నుంచి పండు కొరికే తిన్నాడు. పొట్టు తీయని పప్పులు, కంచం నిండా కూరగాయలు. డాక్టరిచ్చిన మాత్రలు మానలేదు. మొదట్లో కడుపు ఉబ్బరించింది. నీళ్ళు ఎక్కువ తాగాడు, పంతం మాత్రం వదల్లేదు.

"మేకతో కాపురం చేస్తున్నట్టుంది," అంది భార్య.

"మేకకు బస్సు తోలడం రాదు. నాకొచ్చు. ఆ సీటు నేను వదలను."

వదల్లేదు. గడువు రోజున డాక్టరు రిపోర్టు చూసి, బస్సు తోలొచ్చని సంతకం పెట్టాడు.

డ్రైవరు తిన్నగా పళ్ళరసం కొట్టుకు వచ్చాడు. బల్ల ఖాళీగా ఉంది. అమ్మాయి పళ్ళు కోస్తోంది.

"మిషనేది చెల్లెమ్మా?"

"తీసేశామన్నా. ఇకనుంచి కోసిన పళ్ళే."

"మీ యజమాని ఒప్పుకున్నాడా?"

"ఆయన మాటే. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు. పోయిన వారమే కన్నుమూశాడు."

"అయ్యో." డ్రైవరు ఖాళీ బల్ల వైపు చూశాడు. "మరి ఇక్కడ కూర్చునే పెద్దాయనేడీ? ఆయనకో మాట చెప్పాలి."

అమ్మాయి చేతిలో కత్తి ఆగింది.

"ఇంతసేపూ ఆయన గురించే చెబుతున్నానన్నా."