మడుగు గట్టున గడ్డిపుల్ల

ఏడాదిలో తొమ్మిది నెలలు మంచు కప్పుకునే ఉత్తర దేశంలో, ఒక మడుగు గట్టున గింజమ్మ అనే చిట్టెలుక ఉండేది. ఏటా వేసవిలో గడ్డిపుల్లను నేలలో గుచ్చి, గడ్డకట్టిన మన్ను ఎంత లోతున తగులుతుందో చూసేది. ఈసారి పుల్ల మొత్తం దిగినా ఏమీ తగల్లేదు. మడుగులో బుడగలు కూడా ఎక్కువయ్యాయి. గింజమ్మ వెంటనే బండ సందులోకి మకాం మార్చేసింది.

అదే గట్టులో ఐదుగురు పిల్లలతో తెల్లనక్క కాపురముండేవాడు. అతను కడుపు నిండా తిని పడుకున్న సమయం చూసి, గింజమ్మ సందులోంచి పిలిచింది.

"నక్క బావా, అడుగున మంచు కరుగుతోంది. ఏనాడో పూడిపోయిన ఆకూ అలమూ కుళ్లి, అందులో పుట్టిన గాలే బుడగలై పైకొస్తోంది. అది దుప్పటిలా మనల్ని కమ్మితే వేడి ఇంకా పెరుగుతుంది. గట్టు కూలుతుంది, పిల్లల్ని బండల మీదికి చేర్చుకో."

"దుప్పటి కప్పితే మంచిదేగా, చలి తగ్గుతుంది," అని నక్క ఆవులించాడు.

గింజమ్మ వాదించలేదు. "నా మాట నమ్మకు. నీ గుమ్మంలో నువ్వే గుచ్చి చూడు," అని పుల్లను అతనివైపు దొర్లించింది.

నక్క గుచ్చాడు. పుల్ల వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. వెంటనే పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని బండల మీదికి చేర్చాడు. మూడోనాడు గట్టు సగం మడుగులోకి జారిపోయింది.

మర్నాడు నక్క అవతలి ఒడ్డున, బాతుల గూళ్ల దగ్గర నేల గుచ్చుతూ, ఈ గట్టూ కూలుతుందని హెచ్చరిస్తూ కనిపించాడు.

"ఇదంతా నీకెవరు చెప్పారయ్యా?" అని ముసలి బాతు అడిగింది.

"ఎవరో చెబితే నేను వింటానా? నేనే గుచ్చి చూశాను," అన్నాడు నక్క దర్జాగా.

గాలివాటుకు ఆ మాట విన్న గింజమ్మ నవ్వుకుంది. ఇన్నేళ్లూ మడుగు చుట్టూ తనొక్కతే కొలిచేది. ఇక అవతలి ఒడ్డు నక్కకు వదిలేసి, హాయిగా గింజలు ఏరుకోవడానికి బయల్దేరింది.