పైకి చెప్పని మనవి

“పేరు మాత్రం చెప్పకండి మేడమ్,” అన్నాడు కృపావరం, వంటింటి గోడ ఫోన్‌లో. “కొనేవాడి పేరు తెలిస్తే నాకు నిద్ర పట్టదు.”

అవతల, కరేబియన్ దీవిలో ఉన్న లాయరమ్మ నవ్వలేదు. “స్థలం కంపెనీ పేరున ఉంది. మీ పేరు కూడా అతనికి తెలియదు. సంతకాలు మీ తరఫున నేనే పెడతాను.”

“సముద్రం లోపలికొస్తుందని అతనికి చెప్పాలా?”

“అడిగితే అబద్ధం చెప్పను. ఇంతవరకూ అడగలేదు.”

చట్టం తెలిసినవాళ్ళ న్యాయం ఇంతే. అడగనివాడిదే తప్పు. అడిగే తెలివి ఉన్నవాడు స్థలాలు అమ్మేవాళ్ళు హోటల్లో ఊరికే పెట్టే భోజనానికి వెళ్ళడు.

కృపావరం వెళ్ళాడు. అన్నం పెట్టి ఫొటో చూపించారు. తెల్లటి ఇసుక, మూడు కొబ్బరిచెట్లు, మూడోది సముద్రంవైపు వాలి ఉంది. కోనసీమ గుర్తొచ్చి కొనేశాడు. తర్వాత వెళ్ళి చూస్తే చెట్లు మోకాలిలోతు నీళ్ళలో ఉన్నాయి. ఏడాదిలో సగం రోజులు అంతేనట. ఈలోగా పందొమ్మిదివందల ఎనభై రెండు వచ్చింది, కార్ల ఫ్యాక్టరీలో అతని ఉద్యోగం ఊడింది. ఈ అమ్మకం జరక్కపోతే ఇక్కడ ఫార్మింగ్టన్ హిల్స్‌లో తాముంటున్న ఇల్లు బ్యాంకువాళ్ళు పట్టుకుపోతారు.

“కొనేవాడికీ పిల్లలుంటారు కదండీ,” అంది భార్య దెబోరా, చపాతీ పిండి పిసుకుతూ.

“మనకి అమ్మినవాడు మన అమ్మాయి నవోమి సంగతి అడిగాడా?”

“వాడు ప్రార్థన చేసుకుని అమ్మలేదు.”

ఆదివారం తెలుగు చర్చిలో పాస్టరుగారు ప్రార్థన మనవులు అడిగారు. పైకి చెప్పలేనిదైతే ఊరికే చెయ్యెత్తాలి. ఏమిటని ఎవరూ అడగరు, అందరూ ప్రార్థిస్తారు. అక్కడి పద్ధతి అది. కృపావరం చెయ్యెత్తాడు. పక్కన సుందర్ రాజ్ కూడా ఎత్తాడు.

ఉద్యోగం పోయి కృపావరం కారు అమ్మేసినప్పటినుంచి వాళ్ళ కుటుంబాన్ని ప్రతివారం చర్చికి తెస్తున్నది ఈ సుందర్ రాజే. అతను కృపావరం చెయ్యి పట్టుకుని గట్టిగా ప్రార్థించాడు.

“ప్రభువా, మా అన్న గుండెల మీద భారం ఏంటో నాకు తెలీదు. తీసెయ్యి. కావాలంటే నా నెత్తిన పెట్టు.”

“ఆమెన్,” అన్నాడు కృపావరం అందరికంటే పెద్దగా.

తిరిగి వెళ్తూ కారులో సుందర్ రాజ్ ఆగలేకపోయాడు. “ఏంటన్నా నీ మనవి?”

“అడక్కూడదు కదా తమ్ముడూ!”

“సరే, నాదీ చెప్పను. నాకోసం ప్రార్థించావా మరి?”

“మనస్ఫూర్తిగా.”

గురువారం లాయరమ్మ ఫోన్ చేసింది. “అయిపోయింది. మీకిక ఏ సంబంధమూ లేదు.”

“చివర్లోనైనా ఏమన్నా అడిగాడా?”

“చేపలు పడతాయా అని అడిగాడు. పడతాయన్నాను.”

మళ్ళీ ఆదివారం కృపావరం లేచి సాక్ష్యం చెప్పాడు. దేవుడు తన భారం దించేశాడన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. దెబోరా కొట్టలేదు.

అతను కూర్చోగానే సుందర్ రాజ్ లేచాడు. “నా మనవి కూడా ఆలకించాడు దేవుడు! ఇదంతా మా అన్న ప్రార్థన ఫలమే.” బైబిల్లోంచి ఒక ఫొటో తీసి కృపావరం చేతిలో పెట్టాడు. “అందరికంటే ముందు నువ్వే చూడాలన్నా.”

మూడో కొబ్బరిచెట్టు సముద్రంవైపు వాలి ఉంది.