ఎర్ర టేపు గిన్నె

"వంటా? మీరా?" ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "పిల్లల్ని కాసేపు ఆడించి పంపించండి, చాలు. తిండి మాత్రం నా దగ్గరే."

ఆవిడ వెనక ఇద్దరు కూతుళ్లు సంచులు పట్టుకుని నాన్న మొహంలోకి చూస్తున్నారు.

అతను లిఫ్టు మెకానిక్కు. భార్యాభర్తలు విడిగా ఉంటున్న ఈ ఏడాదిన్నరలో ఆ మాట వినని ఆదివారం లేదు. ఈసారి మాత్రం ముందే సిద్ధపడ్డాడు.

"ఒక్కసారి లోపలికొచ్చి చూడు. చూశాక నీ ఇష్టం."

వంటింట్లోకి అడుగుపెట్టి ఆవిడ అటూ ఇటూ మార్చి మార్చి చూసింది. పొయ్యిగట్టుకి కుడివైపు గిన్నె, గరిటె, వడకట్టే చిల్లుల గిన్నె, అన్నిటికీ ఎర్ర టేపు. ఎడమవైపు సరిగ్గా అవే సామాన్లు, అన్నిటికీ ఆకుపచ్చ టేపు. కరెంటు తీగలకి చుట్టే టేపే అది. లిఫ్టులో ఒక తీగకి బదులు ఇంకో తీగ కలిస్తే మనుషుల ప్రాణాలు పోతాయి. ఇరవయ్యేళ్లుగా చేతికి పట్టిన ఆ జాగ్రత్తని వంటింట్లోకి తెచ్చాడు.

"ఎర్రది మామూలు గోధుమ మాకరోనీ. ఆకుపచ్చది గ్లూటెన్ లేనిది, అదే, గోధుమలో ఉండే ఆ జిగురు పదార్థం లేనిది, బియ్యం, మొక్కజొన్నతో చేస్తారు."

"చీజ్ సాసు చిక్కబడ్డానికి మైదానేగా వేస్తారు?" ఆవిడ గొంతులో ఇంకా కారం తగ్గలేదు.

"ఆకుపచ్చ దాంట్లో మొక్కజొన్న పిండి."

"చిల్లుల గిన్నె?"

"కొత్తది. పాతదాని చిల్లుల్లో గోధుమపిండి ఇరుక్కుని ఉంటుందట. చదివాను."

"చదివారా!" అంది ఆవిడ. "డాక్టరు దగ్గర గంటలు గంటలు కూర్చున్నప్పుడు ఒక్కసారైనా వచ్చారా?"

"రాలేదు. తప్పే. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. కానీ ఈ ఒక్కపూట నన్ను నమ్ము."

ఆవిడ ఒక టేపు కొసని గోటితో గీకి చూసింది. "గోధుమపిండి రవ్వంత లోపలికి పోయినా పిల్ల వారం రోజులు కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతుంది. చూసేదాన్ని నేను, మీరు కాదు. మూడింటికి వస్తాను. ఈ పూట సవ్యంగా గడిస్తే ఇకనుంచి ప్రతి శని, ఆదివారాలూ ఇక్కడే ఉండనిస్తాను. తేడా వచ్చిందంటే మాత్రం మీ గడప తొక్కనివ్వను."

ఆవిడ వెళ్లగానే పొయ్యి వెలిగించాడు. ముందు ఆకుపచ్చది. ఈ గ్లూటెన్ లేని మాకరోనీ మహా పెంకిది, నిమిషం ఎక్కువైతే ముద్దయిపోతుంది, నిమిషం తక్కువైతే పంటికింద రాయి. వారమంతా పని నుంచి రాగానే సాధన చేసి, చేసిందల్లా తనే తిన్నాడు. గడియారం చూసుకుంటూ సరిగ్గా ఏడో నిమిషంలో దింపాడు. మరిగే పాలలో మొక్కజొన్న పిండి జారుగా కలిపిపోసి, చీజ్ తురిమేశాడు. మూతపెట్టి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, చొక్కా కూడా మార్చుకుని, అప్పుడు ముట్టుకున్నాడు ఎర్రగిన్నెని. వెన్నలో మైదా కమ్మగా వేగింది.

అంతా ఆకుపచ్చదే చేస్తే ఏ గొడవా ఉండేది కాదు. కానీ చిన్నదానికి ఆ శిక్ష ఎందుకు? అది బొద్దుగా, రాళ్లు తిని హరాయించుకునే రకం. పుల్లలా ఉన్న పెద్దదాన్ని చూస్తేనే అతని ప్రాణం ఉసూరుమంటుంది.

రెండు పళ్లాలూ వంటింట్లోనే వడ్డించి, ఒక్కొక్కటే తెచ్చి ముందు పెట్టాడు. పెద్దది తన పళ్లెంలో నాలుగు చెంచాలు తిని, చెల్లెలి పళ్లెంలోకి చెంచా చాపింది.

"ఆగు!" అతను చటుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. "దాని పళ్లెంలోది ముట్టుకోకు తల్లీ."

"అయ్యో, మర్చిపోయాను. ఇంట్లోనూ అమ్మ ఇంతే, చెల్లి పళ్లెం జోలికి పోనివ్వదు," అంది పెద్దది చెంచా వెనక్కి తీసుకుంటూ.

అమ్మయ్య అనుకున్నాడు. తల్లి ఎలా చూసుకుంటుందో తనూ అలాగే చూసుకుంటున్నాడన్నమాట.

చిన్నది మటుకు తలెత్తితే ఒట్టు. "నాన్నా, ఇంకొంచెం!"

"బొజ్జ పగిలిపోతుందే పిల్లా."

"పగలనీ!"

ఎర్రగిన్నె అడుగు గీకి మరీ పెట్టాడు. బిడ్డ అంత ఆబగా తింటుంటే అతని కళ్లు చెమర్చాయి.

మూడు కొట్టగానే ఆవిడ వచ్చేసింది. వస్తూనే వంటింట్లోకి వెళ్లి తొట్టిలో గిన్నెలు చూసింది. ఎర్రవి ఒక పక్క, ఆకుపచ్చవి ఒక పక్క. ఎక్కడా ఒకదానికొకటి తగల్లేదు.

"వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు," అన్నాడతను గుమ్మంలో నిలబడి.

ఆవిడ గొంతు మొదటిసారి మెత్తబడింది. "మిమ్మల్ని తక్కువగా అనుకున్నాను. ఏమీ అనుకోకండి. వచ్చే శనివారం బట్టలతో సహా పంపిస్తాను."

అతను తల ఊపాడు. ఏడాదిన్నరగా గుండెలమీద ఉన్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది.

అప్పుడే చిన్నది పరిగెత్తుకుంటూ వచ్చి తల్లి నడుం చుట్టేసింది.

"అమ్మా, నాకు పడే మాకరోనీ నాన్నకే బాగా చెయ్యడం వచ్చు! మూడుసార్లు పెట్టించుకున్నాను. అచ్చం నువ్వు అక్కకి చేసే గోధుమదానిలాగే ఉంది!"