ఒట్టి తునకల గది

జీపు వచ్చి గుమ్మం ముందు ఆగేసరికి మార్కండేయులు మాంసం ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తున్నాడు. దిగినాయన కుర్రవాడే. చేతిలో కాగితం ఉంది.

"ఒట్టి తునకల గది మీదేనా? మీ మీద కంప్లయింట్ వచ్చింది," అన్నాడు.

మార్కండేయులు పసుపు చేతులతోనే లేచాడు. కాలుష్యం ఆఫీసు పర్మిషన్ చూపించకపోతే గదికి తాళం వేస్తామని మునిసిపాలిటీ వాళ్లు తలుపుకు నోటీసు అంటించిపోయారు. గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది. సరిగ్గా ఇప్పుడే కంప్లయింటు.

పర్మిషన్ కోసం అర్జీ పెట్టి మూడేళ్లయింది. నేత కూడు పెట్టడం మానేశాక మొగుడూ పెళ్లాం మగ్గం గుంట పూడ్చేశారు. కిటికీలకు సన్న జాలీ కొట్టించారు. యాటమాంసం పలచగా కోసి, దండేలకు వేసి ఎండబెట్టి, ఒట్టి తునకలు చేసి, ప్యాకెట్లు కట్టి అమ్మడం మొదలుపెట్టారు. ఆ గది తప్ప వాళ్లకు ఇంకో ఆధారం లేదు. "మహర్షి పేరు పెట్టుకోని మగ్గం గదిలో మాంసమేందిరా," అని బంధువులు ఎగతాళి చేశారు. చేసి, పోతూ పోతూ తలా రెండు ప్యాకెట్లు సంచిలో వేసుకున్నారు.

ఆఫీసు వాళ్లు చెప్పినవన్నీ కట్టించారు. కడిగిన నీళ్లు కాలవలో పడకుండా రెండు తొట్లు, వాటికి మూతలు, ఎముకలకు వేరే డబ్బా. మిగిలింది ఒక్కటే. సారు వచ్చి, చూసి, చూశానని రాయాలి.

దానికోసమే ఎమ్మిగనూరు నుంచి ఆదోనిలోని ఆ ఆఫీసుకు బస్సులో తిరిగారు. వీళ్లను చూడగానే అటెండరు జయన్న తల అడ్డంగా ఊపేవాడు.

"సారు లేడన్నా. కోడుమూరులో కోళ్లఫారం వాసనొస్తాందని కంప్లయింటొచ్చె. ఆడికి పొయినాడు."

ఇంకోసారి సి.బెళగల్. అక్కడ ఇటుకబట్టీ పొగ మీద కంప్లయింటు.

"మరి మా ఫైలు?" అని అడిగితే, "దానికేమైతాదన్నా, బీరువాలో సల్లగుంది," అనేవాడు.

నోటీసు అంటించాక కడసారి పోయి వస్తూ మార్కండేయులు బస్సులోనే చేతులెత్తేశాడు. "ఇంక నాతో గాదు మే. తాళమేస్తే ఏసుకోనీ."

పక్కన కూర్చున్న పెళ్లాం నాగవేణి కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. ఆమె కూడా అలసిపోయిందనుకున్నాడు.

ఇప్పుడు ఆ సారే ఇంటి ముందు నిలబడి కాగితం చదువుతున్నాడు.

"రక్తం నీళ్లు కాలవలో వదులుతున్నారు. వాసనకు ఇండ్లలో అన్నం తినలేకపోతున్నాము. కుక్కలు గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. ఇట్లు, వీధి జనం."

"ఎవురు సార్ రాసింది?"

"పేరు లేదు. కలెక్టరాఫీసుకు పంపించారు. వారంలోగా నేను చూసి జవాబు రాయాలి."

మార్కండేయులు చూపు పక్కింటి గోడ మీదికి పోయింది. గోడ అవతల తిరుపాల్. చూరు నీళ్ల గొడవతో కిందటేడు నుంచి మాటల్లేవు.

నాగవేణి కొంగు దోపుకుంది. "రాండి సార్, సూస్కోండి," అని ముందు నడిచింది.

సారు తొట్ల మూతలు తీయించి తొంగిచూశాడు. సీసాలో నీళ్లు పట్టుకున్నాడు. కాలవ పొడుగునా నడిచి వచ్చాడు. అందులో ఎండిపోయిన వేపాకు తప్ప ఏమీ లేదు. గదిలో దండేల కింద నిలబడి ఈగ కోసం వెతికాడు. అదీ దొరకలేదు. చివరకు గోడ పక్కనుంచి చూస్తున్న తిరుపాల్ పెండ్లాన్నే పిలిచి అడిగాడు.

"వాసనొస్తుందామ్మా?"

"ఎండేటప్పుడు వస్తాది సార్. ఆ పొద్దు మా ఆయప్ప రెండు ముద్దలెక్కువ తింటాడు, అంతే."

కడుపులో విషం పెట్టుకుని నోట్లో బెల్లం అనుకున్నాడు మార్కండేయులు.

"కంప్లయింట్‌లో నిజం లేదు. అదే రాస్తాను," అన్నాడు సారు పెన్ను తీస్తూ.

అప్పుడు నాగవేణి లోపలికి పోయి జిరాక్సుల కట్ట తెచ్చి అతని చేతిలో పెట్టింది. "మా అర్జీ మీ ఆఫీసులోనే ఉండాది సార్, మూడేండ్లాయ. సూసేది ఎట్లా సూస్తిరి. ఆ రాసేదేదో దీంట్లో గూడా రాయండి సామీ."

సారు కాగితాలు తిప్పాడు. నంబరు చూశాడు. "తనిఖీ ఒక్కటే మిగిలిందా?" అని గొణిగాడు. ఇంకోసారి ఇంతదూరం రావాలనే ఆలోచన మొహంలో కనబడింది. జీపు ముందుభాగం మీద కాగితం పెట్టుకుని నిలబడే రాసేశాడు.

"ఎల్లుండి ఆఫీసుకొచ్చి పర్మిషన్ తీసుకుపోండి."

జీపు పోయింది. మార్కండేయులు అరుగు మీద కూలబడ్డాడు. మూడేళ్ల పని అరగంటలో అయిపోయింది. సంతోషం రావలసిన చోట కోపమే వచ్చింది.

"తాళం పడే టయాన సూసి పొడిసినారు సూడు. మన అదురుష్టం బాగుండి మంచికొచ్చింది గానీ, వాళ్లు కోరింది మన సావే." గోడ అవతలికి వినబడేలా గొంతు పెంచాడు. "అది రాసిన చెయ్యి పడిపోను."

నాగవేణి తొట్టి మూతలు సరిగా సర్ది, చేతులు కడుక్కుని, నడుం పట్టుకుంటూ వచ్చి అతని పక్కన కూర్చుంది.

"అట్లనగాకయ్యా, ఆ చెయ్యి పడిపోతే మాపటికి నీకు సంగటి కెలికేదెవురు?"