కొర్రమీను పట్టుకొస్తే

కిషోర్ ఎన్నో ఇంటర్వ్యూలకు వెళ్ళాడు కానీ, వానపాముల డబ్బా చేత పట్టుకుని వెళ్ళడం ఇదే మొదలు.

చెరుకుపల్లి దాటాక రేపల్లె రోడ్డు పక్కనే కాలువ. రెండు రోజులుగా వానలు పడడంతో నీళ్ళు గట్టు అంచుదాకా వచ్చాయి. బాలస్వామి అప్పటికే వచ్చి గాలం వేసుకుని కూర్చున్నాడు. గడ్డం నిమురుకుంటూ కిషోర్‌ను ఎగాదిగా చూసి, పక్కనున్న రాయి చూపించాడు.

తప్పంతా కిషోర్ నోటిదే. అతనూ లిడియా ఒకే స్కూల్లో పని చేస్తారు. ఆమె ఇంగ్లిషు చెబుతుంది, ఇతను ఆఫీసులో గుమాస్తా. మధ్యాహ్నం పూట కూరలు ఈ బాక్సులోంచి ఆ బాక్సులోకి మారుతూ మారుతూ మాట పెళ్ళి దాకా వచ్చింది. లిడియా సిగ్గుపడింది గానీ కాదనలేదు.

"నా సంగతి సరేనండి. మా బాలస్వామి ఒప్పుకోవాలి" అంది.

తండ్రి పోయాక ఆ ఇంటికి బాలస్వామే పెద్ద దిక్కు. లిడియా కంట్లో నలుసు పడినా ఊరుకోడని స్కూలంతా చెప్పుకుంటారు. అది విన్న కంగారులో కిషోర్ గొప్పలకు పోయాడు. రేపల్లెలో తన చిన్నతనంలో గాలం వేస్తే కొర్రమీను పడని రోజే లేదన్నాడు. ఆమె ఆ మాట యథాతథంగా ఇంటికి మోసింది. మర్నాడే కబురు వచ్చింది. రెండో శనివారం పొద్దున్నే కాలువ దగ్గరికి రమ్మను, కొర్రమీను పట్టుకుని ఇంటికొస్తే మిగతావి మాట్లాడుకుందాం అన్నాడట బాలస్వామి.

నిజానికి కిషోర్ గాలం ముట్టుకుని ఎన్నేళ్ళయిందో అతనికే గుర్తులేదు. కొత్త చొక్కా మాత్రం వేసుకున్నాడు. నిన్న సాయంత్రం సెలూన్లో కూర్చుని పదేళ్ళు తగ్గించుకున్నాడు కూడా. ఆ రంగు చెమటకు ఎక్కడ దిగుతుందోనని తువ్వాలుతో నుదురు అద్దుకుంటూ గాలం విసిరాడు.

బాలస్వామిని ఏమని పిలవాలో కూడా తేలలేదు. ఏ వరస కలిపినా తొందరపడినట్టే ఉంటుంది. అందుకని చాలాసేపు 'అవునండి', 'అదేనండి' అంటూ నెట్టుకొచ్చాడు.

మొదట చేదుపరిగె పడింది. వేలెడంత లేదు.

"పులుసుకి ఇంకో యాభై పట్టాలండి" అన్నాడు బాలస్వామి.

తర్వాత జెల్ల పడింది. గాలం నుంచి తీయబోతే దాని ముల్లు బొటనవేల్లో దిగింది. కిషోర్‌కి ప్రాణం జివ్వుమంది. పైకి మాత్రం నవ్వుతూ, చెయ్యి కడుక్కుంటున్నట్టు నీళ్ళలో పెట్టి కూర్చున్నాడు. బాలస్వామి అటు తిరిగాడు. అతని భుజాలు కదులుతున్నాయి. దగ్గో నవ్వో తెలియలేదు.

ఎండెక్కింది. కిషోర్ మోకాళ్ళు పట్టేశాయి. వంతెన మీద చేపలమ్మే సుబ్బాయమ్మ బేసిన్లో బతికున్న కొర్రమీనులు పెట్టుకుని అమ్ముతోంది. మూత్రానికని లేచి వెళ్ళి ఒకటి కొనుక్కొచ్చి గాలానికి తగిలిస్తేనో అన్న ఆలోచన వచ్చింది. ఆ ఇంట్లో అడుగు పెట్టకముందే ఇంత మోసమా అని తనను తానే తిట్టుకుని, గట్టు మీద దొరికిన కప్పపిల్లను ఎరగా గుచ్చి కాస్త అవతలికి జరిగాడు.

అప్పుడు కనిపించింది.

గుర్రపుడెక్క పక్కన నీళ్ళ మీద ఒకచోట ఎర్రగా కదులుతోంది. అవి కొర్రమీను పిల్లలు. ఒక్కొక్కటి బియ్యపుగింజంత, వందల్లో ఉన్నాయి. పిల్లలు పైన తేలుతుంటే కింద తల్లి కాపలా ఉన్నట్టే. వాటి మధ్య ఏది పడినా తల్లి వచ్చి నోరు తెరిచి మీద పడుతుంది. గాలం అక్కడ వదిలితే చాలు, రెండు కిలోల కొర్రమీనుతో పాటు పెళ్ళి కూడా చేతికొచ్చినట్టే.

కిషోర్ గాలం ఎత్తాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తల్లి నల్లటి వీపు ఒక్కసారి పైకి తేలి, పిల్లల చుట్టూ తిరిగి మళ్ళీ కిందికి పోయింది. అతని మనసు చివుక్కుమంది. మెల్లగా గాలం వెనక్కి తీసి, కప్పపిల్లను విడిపించి గడ్డిలో వదిలేశాడు.

"ఏంటండి, చూళ్ళేదా?" వెనక నుంచి బాలస్వామి అడిగాడు.

"చూశానండి."

"మరి వెయ్యలేదే?"

"పిల్లలతో ఉంది కదండి. దాన్ని నేను పట్టుకుపోతే వాటికెవరున్నారు?"

బాలస్వామి ఆ ఎర్రటి గుంపునే చూస్తూ కూర్చున్నాడు. అది గుర్రపుడెక్క కిందికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత తన గాలం కూడా బయటకు లాగి, తాడు కర్రకు చుట్టేశాడు.

ఇక అయిపోయింది అనుకున్నాడు కిషోర్. సోమవారం లిడియాకు ఎదురుగా కూర్చుని బాక్సు ఎలా తెరవాలా అని దిగులేసింది.

"కొర్రమీను పట్టలేకపోయానండి. ఇక నేను ఇంటికి రానవసరం లేదేమో" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

"రేపు గుడిలో మీ పెళ్ళి మొదటి ప్రకటన చదవమని పాస్టరుగారికి చెబుదామనుకుంటున్నానండి."

కిషోర్‌కి మాట వినపడింది గానీ నమ్మకం కుదరలేదు. లేవబోతే మోకాళ్ళు లేవనివ్వలేదు.

బాలస్వామి వంగి, చెయ్యి అందించి అతన్ని జాగ్రత్తగా పైకి లేపాడు.

"మా అమ్మని మీకిచ్చి చేయడం నాకిష్టమేనండి."