ఇద్దరు చేయాల్సిన పని

మూడు నెలల మా పాప మెడ ఎడమకు వాలి ఉంది. రోజుకు నాలుగుసార్లు మెల్లగా కుడికి వంచాలని నెల్లూరు డాక్టరమ్మ నేర్పింది. ఏడాది దాటితే కండ బిగిసిపోయి మెడ ఇక సరికాదట. ఒకరు భుజాలు అదిమి పట్టాలి, ఒకరు తల వంచాలి.

మూడో రోజు పాప గుక్కపట్టి ఏడవగానే మా ఆయన చేతులు తీసేశాడు.

"మా అమ్మ మెడా అంతే గదా. ఆమె బతకలా? బిడ్డను ఏడిపించేదానికా నువ్వు బి.ఎ. చదివింది?"

చొక్కా తగిలించుకుని బోగోలు బజారుకు పోయాడు. ఏడుపు వినలేడట. వినలేనివాడు వెళ్లిపోవచ్చు. నేనెక్కడికి పోను?

ఒక చేత్తో అదిమి, ఒక చేత్తో వంచబోయాను. పాప మెలికలు తిరిగింది. మా అత్త మాలకొండమ్మ వంటింట్లోంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మీరూ మొదలుపెట్టండి. మీ పోలికేనని మురిసిపోండి" అన్నాను, ఒళ్లు మండి.

ఆమె నా చెయ్యి వదిలి చాప మీద కూర్చుని, పాప భుజాలు రెండూ అదిమి పట్టింది.

"మంత్రసాని నా మెడ సాగదీస్తా ఉంటే, నేను ఏడ్చినానని మా అమ్మ మాన్పించేసిందంట. మెత్తటి మనసు ఆమెది. నువ్వు ఆపబాక. వంచు."